పది నిమిషాల్లో కరిగిపోయే సాక్ష్యం

కిందటి అక్టోబరులో మా ఇంట్లో తండ్రీకొడుకులు మూడు వారాలు మాట్లాడుకోలేదు. గొడవంతా ఒక కారు గురించి. అదేమన్నా కొత్త కారా అంటే కాదు, వయసులో నాకంటే పెద్దది. 1976 నాటి ఓల్డ్స్‌మొబిల్ కట్లస్ సుప్రీమ్. ముక్కు పొడుగు, ఒళ్ళు బరువు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు.

మేముండేది మిషిగన్ రాష్ట్రంలో, లాన్సింగ్ పక్కనే ఉన్న ఓకెమస్‌లో. ఓల్డ్స్‌మొబిల్ పుట్టిల్లు లాన్సింగే. 2004 ఏప్రిల్ 29న ఆ పేరుతో ఆఖరి కారు తయారైందీ అక్కడే. 1976లో అయితే అమెరికా మొత్తం మీద ఎక్కువ అమ్ముడైన కారు ఈ కట్లసేనట. మా పక్కింటి తాతగారు ఆ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. కంట్లో లోపలి పొర దెబ్బతిని, ఎదురుగా ఉన్నది కనిపించక, పక్కలు మాత్రమే కనిపించే జబ్బు వచ్చిందాయనకి. డ్రైవింగ్ మానేశాక ఆ కారుని మావారికి అమ్మారు. అమ్మారనే గాని, ఇచ్చేశారనే చెప్పాలి. "దీన్ని కదలకుండా ఉంచకండి" అన్నది ఒక్కటే షరతు.

అప్పట్నించీ శనివారాలు మా ఇంట్లో పండగే. మావాడికి పదిహేడేళ్ళు. ఈ వయసు పిల్లలు తండ్రితో ఒక గంట గడపడమంటే ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. అలాంటిది, ఇద్దరూ గరాజులో దూరితే భోజనానికి మూడుసార్లు పిలవాల్సొచ్చేది. నూనె మరకల చొక్కాలు ఉతకలేక నేను గొణుక్కున్నా, లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

సెప్టెంబరులో మావాడికి లైసెన్సొచ్చింది. వారానికి రెండు రోజులు పొద్దున్నే కట్లస్‌ని స్కూలుకి తీసుకెళ్ళొచ్చని ఒప్పందం. అక్టోబరు రెండో వారంలో ఒకరోజు, గ్రాండ్ రివర్ ఎవెన్యూ మీద, సిగ్నల్ దాటుతుండగా బండి ఆగిపోయింది. వెనకాల పెద్ద ట్రక్కు. హారన్ల గోల. వాడు ఫోన్ చేసినప్పుడు గొంతు వణికిపోతోంది. ఎవరో దిగి పక్కకి తోయించారట.

మావారు ఆఫీసుకి పోతున్నవారు పోతున్నట్టే అటు తిరిగి వెళ్ళారు. వెళ్ళేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. తాళం తిప్పారు. బండి బుద్ధిమంతురాల్లా ఒక్క తిప్పుకే స్టార్టయింది.

సాయంత్రం భోజనాల దగ్గర మొదలైంది.

"బండికేం కాలేదు. వీడే కంగారుగా యాక్సిలరేటర్ టపటపా తొక్కుంటాడు. పెట్రోలు ఎక్కువై ఆగిపోయుంటుంది."

"నేను తొక్కలేదు నాన్నా."

"మరి నేను వెళ్ళగానే ఎలా స్టార్టయింది?"

వాడి దగ్గర జవాబు లేదు. నేను గిన్నెలు సర్దుతూ, "పోనిద్దురూ, పిల్లాడికి దెబ్బ తగల్లేదు, అదే పదివేలు" అన్నాను. పెద్దరికంగా గొడవ సర్దేశాననుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, నేను కూడా తప్పు వాడిదే అన్నట్టే మాట్లాడానని.

మళ్ళీ వారంలోపే రెండోసారి, తర్వాత మూడోసారి ఆగింది. మెకానిక్కి చూపించారు. స్పార్క్ ప్లగ్గులు మార్చాడు, ఫ్యూయెల్ ఫిల్టర్ మార్చాడు, చోక్ సరిచూశాడు. వెచ్చటి షెడ్డులో గంటసేపు నడిపి, "ఏ లోపమూ లేదు" అని బిల్లు చేతిలో పెట్టాడు. ఆ కాగితం మావారికి తీర్పు కాపీలా దొరికింది. "చూశావా, బండిలో లోపం లేదని రాసిచ్చాడు. నీ చేతుల్లోనే ఉంది లోపం. ముందు నడపడం నేర్చుకో."

అంతే. మావాడు తాళాలు బల్ల మీద పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయాడు. శనివారం గరాజు తలుపు తెరుచుకోలేదు. ఇంకో విషయం నేను ఆలస్యంగా గమనించాను. వాడు మా రెండో కారు తాళాలు కూడా ముట్టుకోవడం మానేశాడు. "అమ్మా, లైబ్రరీకి దింపుతావా" అని అడుగుతున్నాడు. లైసెన్సు వచ్చిన నెలలో ఇల్లు పట్టకుండా తిరిగిన పిల్లాడు!

నిజం చెప్పొద్దూ, నాకు అప్పుడు మా మిక్సీ గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట అది మాటిమాటికీ తిరక్కుండా మొరాయిస్తుంటే, "నువ్వే జారు నిండా కుక్కుంటావ్" అన్నారు ఈయన. తీరా విప్పి చూస్తే అడుగున రబ్బరు కప్లర్ అరిగిపోయి ఉంది. వస్తువు పాడైతే వాడిన మనిషిని అనడం మన ఇళ్ళల్లో మామూలే కదా. నేనైతే నవ్వి ఊరుకున్నాను. పదిహేడేళ్ళవాడు ఎలా ఊరుకుంటాడు?

ఒకరోజు మధ్యాహ్నం పక్కింటి తాతగారికి పులిహోర తీసుకెళ్ళాను. ఆయన దాన్ని పచ్చన్నం అంటారు, ఇష్టంగా తింటారు. మాటల్లో కారు సంగతి చెప్పుకొచ్చాను. ఆయన స్ఫూన్ పక్కన పెట్టి, ముఖం కాస్త పక్కకి తిప్పి నన్ను చూస్తూ (ఆయనకి అలాగే కనిపిస్తుంది మరి) మూడు ప్రశ్నలడిగారు.

"ఆగిన రోజుల్లో పొగమంచు గాని, ముసురు గాని ఉందా? ఇంటి నుంచి ఎంతసేపు నడిపాక ఆగింది? ఆగాక ఎంతసేపటికి మళ్ళీ స్టార్టయింది?"

మొదటిదానికే సగం జవాబు చెప్పగలిగాను. మిగతా రెండూ నాకు తెలీదు. "మీ వారికి తెలుసా?" అన్నారు. ఆయనకీ తెలీదు. ఎందుకంటే మా ఇద్దర్లో ఒక్కళ్ళం కూడా వాణ్ణి అడగలేదు! ఏం చేశావని గద్దించాం గాని, ఏం జరిగిందని అడగలేదు. ఆ మాట తట్టగానే నాకు మొహం చెల్లలేదు.

ఆ రాత్రి పాలగ్లాసు తీసుకుని వాడి గదిలోకి వెళ్ళి ఆ మూడు ప్రశ్నలూ వాడినే అడిగాను. వాడు నన్ను అనుమానంగా చూసి, ఫోన్ తీసి నా చేతికిచ్చాడు. మూడు రోజులూ విడివిడిగా రాసుకున్నాడండీ. తారీఖు, టైము, బయట ఎన్ని డిగ్రీలు, వానా పొగమంచా, ఎన్నో నిమిషంలో ఆగింది. మూడుసార్లూ ఇక్కడి లెక్కలో 40కి అటూ ఇటూ, అంటే మన సెల్సియస్‌లో నాలుగైదు డిగ్రీలు. మూడుసార్లూ తడి గాలి. బయల్దేరిన ఎనిమిది, పది నిమిషాలకి మొదట బండి లాగడం తగ్గుతుంది, తొక్కినా స్పందించదు, సిగ్నల్ దగ్గర కాలు తీయగానే చచ్చిపోతుంది. పది, పదిహేను నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

"ఇదంతా నాన్నకి చూపించలేదేం?"

"ఆయన అడగలేదుగా అమ్మా."

మర్నాడు ఆ వివరాలన్నీ చదివి వినిపిస్తుంటే తాతగారి మొహం వెలిగిపోయింది. "కార్బురేటర్‌లో ఐసు పడుతోంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నాలుగు డిగ్రీల్లో నీళ్ళే గడ్డకట్టవు, నిప్పులు కక్కే ఇంజన్ మీద ఐసేమిటి?

అప్పుడాయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. పాత కార్లలో పెట్రోలుని గాలిలో కలిపి ఇంజన్లోకి పంపేది కార్బురేటర్. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. దానివల్ల అక్కడ గాలి 20 డిగ్రీలకి పైగా చల్లబడిపోగలదు. బయట నాలుగైదు డిగ్రీలున్నప్పుడు లోపల సున్నాకి బాగా కిందకి పోతుంది. గాలిలో తేమ ఉంటే ఆ గొంతులోనే మంచుగా పేరుకుని, గాలి దారి మూసేస్తుంది. బండి ఆగిపోతుంది. ఆగాక ఇంజన్ వేడి పైకి పాకి ఆ మంచుని కరిగించేస్తుంది. ఎవరైనా వచ్చి చూసేసరికి అక్కడ ఏమీ ఉండదు!

మన పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు పెద్ద పొయ్యి గంటలకొద్దీ వెలిగిస్తే, మండుటెండలో కూడా గ్యాస్ సిలిండర్‌కి తెల్లగా మంచు పట్టడం చూశారా? దాన్ని నీళ్ళ తొట్టెలో నిలబెడతారు. అదీ ఇదీ ఒకటే. లోపల ద్రవం ఆవిరవుతూ ఒళ్ళంతా చల్లబరుస్తుంది. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో ఆ సిలిండర్ మీద వేలితో పేరు రాసిన దాన్ని నేను. నాకు టక్కున అర్థమైపోయింది. చిన్న విమానాల్లో కూడా ఈ బాధ ఉందిట. అందుకని పైలట్ చేతికి వేడి గాలి మీట ఒకటి విడిగా ఉంటుందిట.

మరి కారుకి? కారులో ఆ పని దానంతటదే జరిగే ఏర్పాటు ఉంది. 1960ల చివర్నుంచీ పొగ కాలుష్యం తగ్గించడానికి ఇక్కడి కార్లకి పెట్టడం మొదలుపెట్టారుట. బానెట్ ఎత్తితే పైన పెద్ద పళ్ళెంలా గుండ్రంగా కనిపించేది ఎయిర్ క్లీనర్. దానికి ఏనుగు తొండంలా ఒక గొట్టం ముందుకి సాగి ఉంటుంది. ఆ తొండంలో ఒక చిన్న రేకు తలుపు. తలుపు కిందికి వాలి ఉంటే బయటి చల్లగాలి లోపలికి పోతుంది. పైకి లేస్తే చల్లగాలి దారి మూసుకుని, పొగగొట్టం పక్కనుంచి వచ్చే వేడిగాలి పోతుంది. ఆ తలుపుని పైకి లాగేది తొండం మీదున్న డబ్బా, దాన్ని వాక్యూమ్ మోటార్ అంటారు. పేరే మోటారు, కరెంటు లేదు పాడూ లేదు. లోపల ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు. ఇంజన్ గాలి పీల్చుకునే బలంతోనే ఆ పొర పైకి లేచి తలుపుని లాగుతుంది. మన కుక్కర్లో ఆవిరి బయటికి తోస్తుంది, ఇక్కడ ఇంజన్ లోపలికి పీలుస్తుంది, అంతే తేడా. మధ్యలో ఎయిర్ క్లీనర్ లోపల ఒక బుల్లి సెన్సారు. లోపలికి వెళ్ళే గాలి సుమారు 38 డిగ్రీలకి వెచ్చబడేదాకా ఆ పీల్పుని మోటారుకి అందనిస్తుంది, తర్వాత కొంచెం కొంచెంగా వదిలేస్తుంది. అప్పుడు తలుపు మెల్లగా వాలుతుంది.

"నాకు కళ్ళు లేవు, మీకు ఉన్నాయి. చూద్దాం పదండి" అన్నారు తాతగారు.

"నేనా? నేను బీయే తెలుగండీ" అన్నాను.

"చదవడం వచ్చుగా, చాలు" అన్నారు.

ఇంట్లో ఎవరూ లేరు. గరాజు తలుపు పూర్తిగా పైకెత్తమన్నారు, పొగ లోపల నిలిస్తే ప్రాణాపాయం. చున్నీ తీసేసి, జడ ముడేసుకుని రమ్మన్నారు, ముందు ఫ్యాన్ తిరుగుతుంటుంది కాబట్టి. తొండంలోకి తొంగిచూడ్డానికి చిన్న అద్దం కావాలన్నారు. నా హ్యాండ్‌బ్యాగులో పౌడర్ డబ్బీ అద్దం ఉండనే ఉంది. ఫోన్ లైటు ఒక చేత్తో, అద్దం ఒక చేత్తో.

మొదటి పరీక్ష, ఇంజన్ చల్లగా, ఆపి ఉన్నప్పుడు. తలుపు కిందికి వాలి ఉంది. "కరెక్ట్. ఇప్పుడు స్టార్ట్ చేసి చూడండి. వెంటనే పైకి లేవాలి." చేశాను. చూశాను. తలుపు కదల్లేదు. ఆయన చేతికర్ర నేలకేసి టక్ టక్‌మని రెండుసార్లు కొట్టారు. చేప చిక్కినవాడి సంబరం.

రెండోది, గొట్టాలు. కార్బురేటర్ నుంచి సెన్సారుకొచ్చే సన్నటి రబ్బరు గొట్టం కొస తీసి వేలు పెట్టమన్నారు. జలగ పట్టినట్టు వేలిని లాగింది. అంటే పీల్పు వస్తోంది. సెన్సారు నుంచి మోటారుకి పోయే గొట్టం మాత్రం ఎండిన బెండకాయలా పగుళ్ళు. ఇంజన్ ఆపి దాన్ని తీసి, షాపు నుంచి అదే లావుది మూరెడు తెచ్చి వేశాను. ఈసారి తలుపు సగం దాకా లేచింది, వణికింది, మళ్ళీ వాలిపోయింది.

"ఇక్కడే అందరూ ఆగిపోతారు" అన్నారాయన. "ఒక తప్పు దొరగ్గానే అదే మొత్తం తప్పు అనుకుంటారు. ఇంకో మెట్టు దిగాలి."

మూడో పరీక్షకి చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు కావాలి. ఇక్కడ విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కడితే ఇలాంటి పనిముట్లు అరువిస్తారు, తిరిగిచ్చాక డబ్బు వాపసు. తెచ్చాను. ఇంజన్ ఆపేసి, సెన్సారుతో సంబంధం లేకుండా పంపు గొట్టాన్ని నేరుగా మోటారుకే తగిలించి నొక్కాలి. ముల్లు తొమ్మిది అంగుళాల దగ్గరికొచ్చింది, తలుపు ఠపీమని పైకి లేచింది. "వదిలేసి ముల్లుని చూస్తూ లెక్కపెట్టండి." ఒకటి, రెండు, మూడు... ఎనిమిది అనేసరికి ముల్లు సున్నాకి జారిపోయింది, తలుపు కింద పడింది.

బాగున్న మోటారైతే ఆ ముల్లు అక్కడే నిలబడాలి. ముల్లు నిలబడి తలుపు లేవకపోతే తలుపు ఇరుసు తుప్పు పట్టిందని. రెండూ బాగుంటే సెన్సారుని అనుమానించాలి. ఇలా జారిపోతే రబ్బరు పొరకి చిల్లి. మా దానికి చిల్లి.

తాతగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఇది నా హయాం నుంచే ఉండి ఉంటుంది. నేను సెప్టెంబరు దాటితే దీన్ని బయటికి తీసేవాణ్ణి కాదు. ఎండాకాలంలో ఎలాగూ తలుపు వాలే ఉండాలి, తెలిసే వీల్లేదు. పాపం, కుర్రాడు మాట పడ్డాడు" అన్నారు.

మావారు కిందటేడు కూడా అక్టోబరు రాకముందే కవరు కప్పేశారు. ఈ ఏడు పిల్లాడి లైసెన్సు కోసమే బయట ఉంచారు. ఇంకో లెక్క కూడా సరిపోయింది. మధ్యలో ఒక పొద్దున సున్నాకి నాలుగు డిగ్రీలు కిందకి పోయి గడ్డకట్టే చలి వేస్తే, ఈయనే పంతంగా కట్లస్‌ని ఆఫీసుకి తీసుకెళ్ళి వచ్చారు. కాస్త గునిసింది గాని ఆగలేదు. "ఇంత చలిలోనే ఆగలేదు, నాలుగు డిగ్రీల్లో ఆగిందా?" అని అప్పుడు ఇంకో మాట అన్నారు. అసలు కిటుకు అదే. బాగా చలేసినప్పుడు గాలి పొడిగా ఉంటుంది, మంచు కట్టడానికి తేమే ఉండదు. ఐసు పడేది ఎముకలు కొరికే చలిలో కాదు, చిత్తడి చలిలో.

ఆ సాయంత్రం పంపు తీసుకెళ్ళి ఈయన ముందు పెట్టి వాదించాలని నోటిదాకా వచ్చింది. కానీ ఆగాను. నేను చెప్తే అది మొగుడూ పెళ్ళాల గొడవైపోతుంది. ముందు మావాడికి చెప్పాను. అద్దం వాడి చేతికిచ్చి అన్నీ వాడితోనే మళ్ళీ చేయించాను. ముల్లు జారిపోతుంటే వాడు మాట్లాడలేదు. చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకున్నాడు, అంతే.

తర్వాత ఈయనతో ఒక్క మాటే అన్నాను. "ఆదివారం పొద్దున ముసురని చెప్తున్నారు. ముగ్గురం కట్లస్‌లో వెళ్దాం. మీరే నడపండి. నాకోసం."

ఆదివారం అయిదు డిగ్రీలు, సన్నటి జల్లు. ట్రాఫిక్ లేని వేళ, స్కూలు పార్కింగ్ స్థలం చుట్టుపక్కల వీధుల్లోనే తిరిగాం. మావాడు ముందు సీట్లో, నేను వెనక. ఏడో నిమిషంలో ఈయన కాలు మరికాస్త నొక్కడం చూశాను. తొమ్మిదో నిమిషంలో బండి దగ్గింది. "పార్కింగ్‌లోకి తిప్పండి నాన్నా" అన్నాడు మావాడు. మూడు వారాల తర్వాత వాడు తండ్రితో అన్న మొదటి మాట అదే. తిప్పీ తిప్పగానే ఇంజన్ ఆగిపోయింది.

"త్వరగా!" అంటూ వాడు దిగి బానెట్ ఎత్తి, పైనున్న మరచుట్టు విప్పి ఎయిర్ క్లీనర్ తీసి పక్కన పెట్టాడు. కింద కార్బురేటర్ గొంతు చుట్టూ, లోపలి గోడల మీదా తెల్లగా నూగులాంటి మంచు! ఫ్రిజ్‌లో పాత ఫ్రీజర్ గోడలకి పట్టినట్టు. ఈయన వేలు పెట్టి తాకారు. వేలి కింద అది నీరైపోయింది. మేం చూస్తుండగానే అంచుల దగ్గర కరగడం మొదలెట్టి, కొద్ది నిమిషాల్లో తడి తప్ప ఏం మిగల్లేదు.

మావాడు ఫోన్ తీసి తను రాసుకున్నది చూపించాడు. మాట్లాడకుండా చూపించాడు. ఈయన కళ్ళజోడు పైకి తోసుకుని, జల్లులో తడుస్తూ మొత్తం చదివారు. ఎదుటివాళ్ళ తప్పులు ఎంచడంలో మావారు ఎంత చురుకో, తన తప్పు ఒప్పుకోడానికి అంత నెమ్మది. నేను మధ్యలో కల్పించుకోకూడదని పళ్ళ బిగువున ఊరుకున్నాను.

"తప్పు నాదేరా" అన్నారు చివరికి. "నిన్ను అడగాల్సింది. అడక్కుండా అనేశాను."

వాడు భుజాలెగరేసి, "పర్లేదు" అన్నాడు. కాసేపాగి తల వంచుకుని, "మూడోసారికి నాకే అనుమానమొచ్చింది నాన్నా, నేనే ఏదో తప్పు చేస్తున్నానేమోనని" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మనం పదిసార్లు అంటే పిల్లలు నిజమని నమ్మేస్తారు. నోట్‌బుక్కులో రుజువులు రాసి పెట్టుకున్నవాడు కూడా నమ్మేస్తాడు. నేను "పోనిద్దురూ" అన్న మాట కూడా ఆ లెక్కలోకే వస్తుంది. ఆ రాత్రి వాడికి ఆ మాట చెప్పి, నేనూ క్షమాపణ అడిగాను. "నువ్వేం అన్లేదుగా అమ్మా" అన్నాడు. అదే కదా నా తప్పు!

మర్నాటి శనివారం గరాజు తలుపు తెరుచుకుంది. కొత్త వాక్యూమ్ మోటారు ఖరీదు రెండు పిజ్జాలంత. పాతదాన్ని తొండానికి వెల్డింగు చుక్కలతో అతికించి ఉంటారు. ఎయిర్ క్లీనర్‌ని కారు నుంచి పూర్తిగా తీసి బల్ల మీద పెట్టి, ఆ చుక్కల్ని డ్రిల్లుతో తొలిచి, రజను ఒక్కటి కూడా మిగలకుండా తుడిచి, కొత్తదాన్ని రివెట్లతో బిగించారు. పొగగొట్టం దగ్గర్నుంచి వేడిగాలి తెచ్చే అల్యూమినియం మడతల గొట్టం కూడా చిరిగి ఉంటే మార్చారు. అది చిరిగితే తలుపు ఎంత బాగా లేచినా వచ్చేది చల్లగాలే కదా. తాతగారు కుర్చీ వేసుకుని కూర్చుని చెవులతోనే అజమాయిషీ చేశారు.

స్టార్ట్ చేయగానే తలుపు టక్కుమని లేచింది. ఇంజన్ వేడెక్కుతుంటే, నా పౌడర్ అద్దంలో వంతులేసుకుని చూస్తుండగా, మెల్లగా కిందికి వాలింది. అంటే సెన్సారు మంచిదే. "ఇది పైనే ఇరుక్కుపోతే కూడా ప్రమాదమే. ఎండాకాలంలో వేడిగాలి మింగి ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. అందుకే లేవడం ఒక్కటీ చూస్తే చాలదు, దిగడం కూడా చూడాలి" అన్నారు తాతగారు.

నవంబరు మధ్యలో రోడ్ల మీద ఉప్పు చల్లడం మొదలవకముందు, ఇంకో రెండు చిత్తడి పొద్దుల్లో మావాడు కట్లస్‌ని స్కూలుకి తీసుకెళ్ళాడు. ఆగలేదు. మొదటిరోజు ఈయన వెనకాలే మా రెండో కారులో వెళ్దామని బయల్దేరి, గుమ్మం దాకా వెళ్ళి, ఏమనుకున్నారో ఆగిపోయారు. సోఫాలో కూర్చుని పేపర్ తిరగేస్తూ పావుగంటసేపు ఒకే పేజీ చూశారు. వాడు చేరానని మెసేజ్ పెట్టాక పేజీ తిప్పారు.

అలాగని మావారు మారిపోయారని చెప్పను. మొన్న కూడా ఇంటర్నెట్ రాకపోతే "నువ్వేం నొక్కావ్?" అనబోయి, సగంలో మింగేసి, "ఏం జరిగింది?" అన్నారు. మావాడూ నేనూ మొహామొహాలు చూసుకుని నవ్వుకున్నాం. ఆయనక్కూడా నవ్వొచ్చింది.

నా పౌడర్ డబ్బీ అద్దానికి ఒక మూల నల్లటి మసి మరక పడింది. ఎంత తుడిచినా పోలేదు. కొత్తది కొనుక్కోమంటున్నారు గాని, నేను దాన్నే వాడుకుంటున్నాను.